పంచాయతీ కంప్యూటరునకు ఒక దినచర్య పుస్తకము

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఏ పొలమున ఏ పైరు ఉన్నదో తెలిసికొనవలెనన్న మనము అడంగలు చూచెదము. వ్రాసిన ఉద్యోగి బదిలీయై పోయినను అడంగలు గ్రామమునకే మిగులును. మనుష్యులు మారుదురు, లెక్క నిలుచును. ఈ మంచి అలవాటును పంచాయతీ కార్యాలయములోని కంప్యూటరు విషయమునను పాటింపవలెనని నేడు మీకు మనవి చేయదలచితిని.

ఆ యంత్రమిప్పుడు అలంకారముగా నుంచిన వస్తువు కాదు. గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబరు తీగలు వేయు పథకమును కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదించినది. అదియే పిమ్మట భారత్‌నెట్ అయినది. 2020 ఏప్రిల్ 24న, జాతీయ పంచాయతీరాజ్ దినోత్సవమునాడు, ఈ-గ్రామస్వరాజ్ ప్రారంభమైనది. ప్రణాళిక, పద్దులు, చెల్లింపులు దాని ద్వారా సాగుచున్నవి. చెల్లింపును ఒకరు సిద్ధపరచగా వేరొకరు పరిశీలించి ఆమోదింతురు. ఇరువురి డిజిటల్ సంతకములును అవసరము. ఒక సంతకపు గడువు తీరినచో, ఖాతాలో నిధులున్నను, చేతిపంపు బాగుచేసినవాని కూలి ఆగిపోవును. వీధులు ఊడ్చు కార్మికుని ఇంట పొయ్యి వెలుగుట కూడ ఈ యంత్రము సవ్యముగా నుండుటపై ఆధారపడియున్నది.

యంత్రము చెడుట వింత కాదు. అంతకుముందు ఎవరేమి చేసిరో ఎవరికిని తెలియకుండుటయే అసలు చిక్కు. పాత ఆపరేటరు వెడలిపోవును. క్రొత్తవాడు వచ్చి, అతడు ఇదివరకే చేసి విఫలమైన ప్రయత్నములనే మరల మొదటినుండి చేయును. ఈలోగా గ్రామస్థులు కార్యాలయము చుట్టు తిరుగుచుందురు.

దీనికి విరుగుడు దినచర్య పుస్తకము. ఇంగ్లీషువారు దీనిని ‘లాగ్’ అందురు. పూర్వము నావికులు త్రాటికి కట్టిన కొయ్యదుంగను నీటిలో విడిచి ఓడ వేగమును కొలిచెడివారు. ఆ కొలతలు వ్రాసిన పుస్తకమునకు ఆ దుంగ పేరే స్థిరపడినది. 1947 సెప్టెంబరు 9న, అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయమున, మార్క్-2 అను గణన యంత్రములో లోపము కనిపించగా, పనివారు లోపల చిక్కుకొన్న పురుగును వెదకి తీసి, దినచర్య పుస్తకములో అంటించి, ప్రక్కన వివరము వ్రాసిరి. ఆ పుట నేటికిని స్మిత్సోనియన్ సంస్థవారి ప్రదర్శనశాలలో భద్రముగా నున్నది.

మనకు కావలసినది పుటల సంఖ్యలు వేసిన ఒక గీతల పుస్తకము మాత్రమే. ఆరు గళ్ళు చాలును: తేదీ, వేళ, ఏమి కనిపించినది, ఏమి చేసితిమి, ఫలితమేమి, చేసినవారి సంతకము. కంప్యూటరులోనే వ్రాసికొనరాదా అని మీరడుగవచ్చును. యంత్రము ఆగిననాడే ఆ వ్రాత మిక్కిలి అవసరము. దానిలోనే దాచినచో ఆనాడది మనకు దక్కదు.

ఒక ఉదాహరణము చెప్పెదను. “జూలై 8, ఉదయము 10-40. నెట్ లేదు. ఫైబరు పెట్టెపై ఎర్రదీపము వెలుగుచున్నది. పెట్టెను ఆపి మరల వేసితిమి, ఫలితము లేదు. 11-00కు ఫిర్యాదు చేసి సంఖ్య తీసికొంటిమి. సాయంత్రము 4-15కు సరియైనది. చెరువుకట్ట వద్ద తీగ తెగినదని మరమ్మతువారు చెప్పిరి.” ఇట్టివి మూడు నమోదులైనచో తీగ ఎచ్చట తెగుచున్నదో సభ్యులందరికి తెలియును. నీటి గొట్టమునకై అచ్చట మనమే కందకము త్రవ్వించునపుడు ముందుగా హెచ్చరింపవచ్చును.

చెడినప్పుడే కాదు, మార్పు చేసినప్పుడెల్ల వ్రాయవలెను. క్రొత్త సాఫ్ట్‌వేరు వేయుట, యూపీఎస్ బ్యాటరీ మార్చుట, బయటివారు వచ్చి యంత్రమును ముట్టుట, దస్త్రములకు నకలు తీయుట, ఆ నకలు తెరచుకొనుచున్నదో లేదో పరీక్షించుట, ఇవన్నియు నమోదు కావలెను. డిజిటల్ సంతకముల గడువు తేదీలు మొదటి పుటలోనే యుండవలెను. యంత్రములో నడచుచున్నదేదో కూడ అచ్చటనే వ్రాయుడు. విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. మీ యంత్రము ఆ కోవలోనిదో కాదో పుస్తకము చూచిన క్షణములో తెలియవలెను.

వ్రాయకూడనివియు కలవు. పాస్‌వర్డులు, ఓటీపీలు, ప్రజల ఆధార్ సంఖ్యలు ఇందులో ఎన్నడును చేరరాదు. తప్పు పడినచో చెరపరాదు. ఒక గీత గీసి, ప్రక్కన సరియైనది వ్రాసి సంతకము చేయవలెను.

యంత్రములును తమంతట తాము కొన్ని నమోదులు చేసికొనును. కేంద్రమున సైబరు భద్రత చూచు సెర్ట్-ఇన్ సంస్థ, 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశములలో, ప్రభుత్వ సంస్థలు మొదలగునవి అట్టి నమోదులను 180 దినములు భద్రపరుపవలెననియు, నిర్దేశించిన సైబరు ఘటనలను గుర్తించిన 6 గంటలలో తెలుపవలెననియు విధించినది. ఐతే యంత్రపు నమోదు ఏమి జరిగినదో చెప్పునుగాని, మనిషి ఆ పని ఎందుకు చేసెనో చెప్పజాలదు. అది మన పుస్తకమే చెప్పవలెను.

ఇక మీ వంతు. ప్రతి నెల సమావేశములో ఈ పుస్తకమును తెప్పించి, ఆ నెల నమోదులు చదివించి, సర్పంచుగారిచే సంతకము చేయింపుడు. దీనికి పది నిమిషములు చాలును. కాని దీనిని ఉద్యోగిని దండించు కొరడాగా చేయకుడు. తన పొరపాటును నిజాయితీగా వ్రాసినవానిని నలుగురిలో గద్దించినచో, మరునాటినుండి పొరపాట్లు పుస్తకములో కనిపింపవు, యంత్రములో మాత్రముండును.

ఒక పుస్తకము, ఒక కలము, పని ముగిసిన వెంటనే వ్రాయు నియమము — ఇంతకుమించి వ్యయము లేదు. రేపు మీ స్థానములో కూర్చుండు సభ్యులకు కార్యాలయపు తాళపుచెవులతోపాటు ఈ పుస్తకమును కూడ అప్పగింపుడు. వచ్చు నెల సమావేశపు కార్యక్రమ పట్టికలో దీనిని చేర్పవలసినదిగా కోరుచు సెలవు తీసికొనుచున్నాను.