స్టిక్కర్ల బిజినెస్: ప్రింటర్ కొనేముందు రెంటచింతల ఎండ గుర్తుపెట్టుకోండి

"అన్నా, నరసరావుపేటలో స్టిక్కర్ల షాపు పెడదామనుకుంటున్నా, ఏ ప్రింటర్ కొనాలి?" అని అడుగుతున్నారు. ముందు ఇది చెప్పండి: మీ స్టిక్కర్ దేని మీద అంటిస్తారు?

పచ్చడి సీసా మీదైతే ఇంక్‌ట్యాంక్ ప్రింటర్ చాలు. కానీ మామూలు డై ఇంక్ తడి తగిలితే కారుతుంది. పిగ్మెంట్ ఇంక్ ఉన్నది తీసుకోండి, పైన లామినేషన్ వేయండి.

బైకు, ఆటో, ట్రాక్టర్ మీదైతే కథ వేరు. మనది రెంటచింతల ఉన్న జిల్లా! ఆ ఎండకి డై ఇంక్ త్వరగా వెలిసిపోతుంది. ఎకో సాల్వెంట్ మెషిన్ ప్రింట్ తట్టుకుంటుంది, కానీ రేటు లక్షల్లో ఉంటుంది. పైగా తరచూ నడపకపోతే హెడ్‌లో ఇంక్ గడ్డకడుతుంది. పని లేని నెలలోనూ కిస్తీ మాత్రం ఆగదు.

అందుకే మొదట కటింగ్ ప్లాటర్ కొనండి. రంగు వినైల్‌ని అక్షరాలుగా కోస్తుంది, ఇంకుతో పనే లేదు. బొమ్మ అంచు వెంట కోసే కాంటూర్ కటింగ్ ఉందో లేదో చూసుకోండి. కోటప్పకొండ తిరునాళ్ల ముందు బండ్ల మీద పేర్లు వేయించుకునే కుర్రాళ్లని అడగండి, ఆర్డర్లు అక్కడే మొదలవుతాయి. రంగుల బొమ్మ అడిగితే ఫ్లెక్సీ షాపులో వినైల్ మీద ప్రింట్ వేయించి, మీరు కట్ చేసివ్వండి.

అలా బయట ప్రింట్‌కి కట్టే డబ్బు నెలనెలా కిస్తీ అంత అయినప్పుడు, అప్పుడు కొనండి పెద్ద మెషిన్.