నలుగురూ కలిస్తేనే బ్లూస్

బ్లూస్ ఆల్బమ్ అట్ట మీద తరచుగా ఒక్క పేరే పెద్దగా కనిపిస్తుంది. కానీ ఆ సంగీతాన్ని నిలబెట్టేది బృందం. 1965లో షికాగోలో రికార్డయిన ‘హూడూ మ్యాన్ బ్లూస్’ ఇందుకు మంచి సాక్ష్యం. పాట, హార్మోనికా జూనియర్ వెల్స్‌వి. గిటార్ బడ్డీ గై, బేస్ జాక్ మయర్స్, డ్రమ్స్ బిల్లీ వారెన్. అప్పట్లో బ్లూస్ ఎక్కువగా మూడు నిమిషాల సింగిల్స్‌గానే వచ్చేది. డెల్మార్క్ సంస్థ అధిపతి బాబ్ కెస్టర్ మాత్రం క్లబ్బులో వాయించినట్టే స్టూడియోలోనూ వాయించమని వాళ్లకు స్వేచ్ఛనిచ్చారు. పియానో లేదు కనుక గిటార్ బాధ్యత పెరిగింది. వెల్స్ పాడుతుంటే గై తగ్గి వాయిస్తాడు, పాదం ముగియగానే ఆ ఖాళీని నింపుతాడు. రికార్డింగ్ మధ్యలో యాంప్లిఫయర్ మొరాయిస్తే, గిటార్‌ను హామండ్ ఆర్గాన్‌కు వాడే లెస్లీ స్పీకరుకు కలిపారు. ఆ అవాంతరం నుంచే కొత్త నాదం పుట్టింది.

చాలా బ్లూస్ పాటలకు ఆధారమైన పన్నెండు బార్ల చట్రం వాద్యకారులందరికీ తెలిసిందే కదా, ఎవరి వంతు వాళ్లు విడిగా వాయిస్తే తర్వాత అతికించుకోవచ్చు కదా అని కొందరంటారు. అలా చేస్తే తప్పులు దిద్దడం తేలికే, కాదనను. అయితే చట్రం అందరికీ తెలిసిందే కాబట్టి, కొత్తదనమంతా దాన్ని నింపే తీరులోనే ఉంటుంది. గాయకుడు మాటను కాస్త సాగదీస్తే డ్రమ్మర్ ఆ క్షణంలోనే విని సర్దుకోవాలి. ముందే రికార్డు చేసిన తాళం ఎవరి కోసమూ ఆగదు. బ్లూస్‌లో ప్రతిభ ఎంత ముఖ్యమో, పక్కవాడిని వినడమూ అంతే ముఖ్యం.