మారిషస్ దీవి కోలుకొనిన విధము

(మన సంఘపు నెలవారీ సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఒక చిన్న దేశము దారిద్ర్యమునుండి ఎట్లు గట్టెక్కును అను ప్రశ్నకు గ్రంథములలో సమాధానములు పెక్కు కలవు. మూలధనము ముఖ్యమని కొందరు, విద్య ముఖ్యమని కొందరు, గట్టి ప్రభుత్వము ముఖ్యమని మరికొందరు వ్రాసిరి. మేము నేడు ఆ వాదముల జోలికి పోక, ఒక్క దేశమును తీసికొని అచట జరిగినదేమో మీకు విన్నవింపదలచితిమి. ఆ దేశము మారిషస్. హిందూమహాసముద్రమున రెండువేల చదరపు కిలోమీటర్లు మాత్రముండు నేల. దీనినే ఎంచుకొనుటకు కారణము మీలో కొందరు ఊహించియే యుందురు. 1843లో "కోరంగి పాకెట్" అను ఓడ మీద మనవారు ఆ దీవికి కూలికి పోయిరి. యానామునుండి వచ్చిన సభ్యులకు కోరంగి ఎచటనున్నదో మేము చెప్పనక్కరలేదు. ఆ రేవు పేరే అచట తెలుగువారికి పేరై నిలిచినది.

ఆ దీవికి ఆదివాసులు లేరు. డచ్చివారు, ఫ్రెంచివారు, పిమ్మట 1810లో ఇంగ్లీషువారు దానిని పట్టిరి. 1835లో బానిసత్వము రద్దుకాగా, చెరకుతోటలకు ఒప్పందపు కూలీలను మన దేశమునుండి తరలించిరి. పోర్టు లూయీ రేవున దాదాపు ఐదులక్షలమంది దిగిరి. వారెక్కిన రాతిమెట్లను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. వారిలో మనవారు కొద్దిమందియే. భోజపురీ మాటలాడువారే అధికులు. ఇప్పుడు అందరి ఇండ్లలోను ఎక్కువగా వినబడునది క్రియోలు భాష. అయినను ఉగాది అచట ప్రభుత్వపు సెలవుదినము, బడులలో తెలుగు చెప్పుచున్నారు.

ఇక విషయమునకు వత్తము. 1960లో ఆ దీవి స్థితి చూచినవారెవరును దానికి మంచి కాలము రాగలదని చెప్పి యుండరు. యుద్ధానంతరము మలేరియాను తరిమివేయగా మరణములు తగ్గినవి; జననములు తగ్గలేదు. జనాభా ఏటేట నూటికి మూడు వంతుల చొప్పున పెరుగసాగెను. ఎగుమతులలో నూటికి తొంబది వంతులకు పైగా చక్కెర. 1960 ఆరంభమున అలిక్స్, కేరల్ అను రెండు గాలివానలు ఒకదాని వెంట ఒకటి వచ్చి తోటలను, ఇండ్లను నేలమట్టము చేసినవి. జేమ్స్ మీడ్ అను ఆచార్యుడు బ్రిటిషువారి పక్షమున వచ్చి పరిశీలించి, 1961లో నివేదిక నిచ్చెను. ఉన్న నేల చాలక, పెరుగు జనమునకు పని దొరకక, ఆ దేశము కడగండ్ల పాలగునని ఆయన భయపడెను. ఆయన సామాన్యుడు కాడు. 1977లో ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమానము పొందినవాడు.

జనుల ఐకమత్యమును అంతంతమాత్రమే. 1967 ఎన్నికలలో నూటికి 44 మంది స్వాతంత్ర్యము కోరు పక్షమునకు వ్యతిరేకముగా ఓటు వేసిరి. ఏలుబడి చేతులు మారినచో తమ బ్రతుకేమగునో అని అల్పసంఖ్యాకుల భయము. ఆ భయము ఎట్టిదో ఈ సభలో వివరింప బనిలేదు. 1968 జనవరిలో రాజధానిలో కొట్లాటలు చెలరేగి, అణచుటకు బ్రిటిషు సైనికులను రప్పింపవలసి వచ్చెను. రెండు నెలలకే, మార్చి 12న, స్వాతంత్ర్యము వచ్చినది.

అప్పుడు ప్రభుత్వమును చేపట్టినవారిలో అధికులు కూలీల మనుమలు. పెద్దతోటలు కొలదిమంది ఫ్రెంచి సంతతి కుటుంబముల వశమున నున్నవి. తాతలు కొరడాదెబ్బలు తిన్న తోటలను మనుమలు లాగికొందురని అందరును తలచిరి. శివసాగర రాంగులాం ప్రభుత్వము ఆ పని చేయలేదు. తోటలను యజమానులకే వదలి, చక్కెర ఎగుమతిపై పెద్ద ఉత్పత్తిదారుల నుండి సుంకము రాబట్టెను. ఆ సుంకము 1994 వరకు సాగినది. ఆ రాబడి బడులకు, ఆస్పత్రులకు, బియ్యము, గోధుమపిండి ధరల తగ్గింపునకు ఆసరా అయ్యెను. 1977 నుండి మాధ్యమిక విద్యయు ఉచితమైనది. పాడియావును కోయక, పాలు పంచుకొనిరని మా అభిప్రాయము. ఇది పిరికితనమని అతివాదులు ఆక్షేపించిరి. 1982లో ఆ అతివాదులే మిత్రపక్షముతో కూడి ప్రధాన ద్వీపమునందలి 60 స్థానములను ఒక్కటి విడువక గెలిచిరి. గెలిచిన పిమ్మట వారును తోటల జోలికి పోలేదు!

రెండవ సంగతి మరింత ఆసక్తికరము. 1974లో ప్రపంచ విపణిలో చక్కెర ధర ఆకాశమునంటెను. ఆ సమయముననే ఐరోపా ఆర్థిక కూటమితో బేరము జరుగుచుండెను. ఏటేట ఇంత చక్కెర హామీధరకు కొందుమని ఐరోపావారనిరి. ఆ ధర నాటి విపణి ధరకు చాల తక్కువ. ఇప్పుడమ్మిన వచ్చు లాభమును వదలి ఎల్లకాలపు ఒప్పందమునకు కట్టుబడుట ఎందులకని పలువురికి తోచుట సహజమే. మారిషస్ ప్రతినిధులు మాత్రము ఎంత ఎక్కువ పరిమాణము దొరకిన అంతయు వ్రాయించుకొనిరి. ఏటికి ఐదులక్షల టన్నులకు పైగా, అనగా ఒప్పందమున చేరిన దేశములన్నిటిలోను పెద్దవాటా, వారికి దక్కినది. 1975లో సంతకములైనవి. కొలది యేండ్లకే విపణి ధర కుప్పకూలెను. ఐరోపా ధర దానికి మించి నిలిచెను. పండిన ఏడు ధాన్యమంతయు అమ్ముకొనక గాదె నింపుకొను రైతు బుద్ధి అది.

మూడవది దుస్తుల కర్మాగారములు. లిం ఫాట్ అను ఆచార్యుడు తైవాను మొదలగు చోట్ల చూచివచ్చి చేసిన సూచనపై, 1970లో ఎగుమతి ఉత్పత్తి మండలముల చట్టము వచ్చెను. ముడిసరకుపై సుంకము లేదు. కొన్నియేండ్లు ఆదాయపు పన్ను లేదు. ఇతర దేశములలో ఇట్టి మండలమునకు చుట్టును కంచె యుండును. ఇచట దీవియంతయు మండలమే. ఏ పల్లెలోనైనను కర్మాగారము పెట్టవచ్చును. చక్కెర ధర పెరిగినపుడు తోటల యజమానులకు మిగిలిన ధనము కొంత వీనిలోనికి ప్రవహించెను. తోటలు లాగికొని యున్నచో ఆ ధనము ఓడలెక్కి పోయెడిదే కదా!

అయితే దారి నునుపుగా లేదు. చక్కెర ధర పడిపోగా, చమురు ధర పెరుగగా, ఖర్చులకు అలవాటుపడిన ప్రభుత్వము అప్పుల పాలయ్యెను. అంతర్జాతీయ ద్రవ్యనిధి వారి షరతుల మీద 1979లో ఒకమారు, 1981లో మరొకమారు రూపాయి విలువను తగ్గించిరి. వారి నాణెమునకును పేరు రూపాయియే. బియ్యము, పిండిపై రాయితీ కోయబడెను. 1983 నాటికి పనిచేయగల ప్రతి ఐదుగురిలో ఒకరికి పని లేదు. ఆ యేడు ఆర్థికమంత్రియైన విష్ణు లక్ష్మీనారాయుడు (ఆ పేరు వినగానే మన చెవులు నిక్కబొడుచుకొనును) పన్నులు తగ్గించి ఎగుమతులను ప్రోత్సహించెను. 1984లో హాంకాంగును చైనాకు అప్పగించుటకు ఒడంబడిక కాగా, అచటి వర్తకులు వేరు చోట్లు వెదకుకొనిరి. 1983లో సుమారు పాతికవేలమంది పనిచేయుచుండిన ఆ కర్మాగారములలో 1988 నాటికి దాదాపు తొంబదివేలమంది చేరిరి. నిరుద్యోగము దాదాపు మాయమైనది.

ఆ చేరినవారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. అంతవరకు ఇల్లు, చెరకుతోట తప్ప ఎరుగని పడుచులు. వారి కనీసవేతనమును పురుషుల వేతనముకన్న తక్కువగా నిర్ణయించిరి. అధికగంటల పని తప్పదు. దీవి ఐశ్వర్యమునకు వెల చెల్లించినది వారే యని మేము నిస్సంకోచముగా చెప్పగలము. గణాంకములు వ్రాయువారు ఈ మాటను ఒక పంక్తిలో దాటిపోవుదురు.

ఇదంతయు అదృష్టమే కదా యని మిత్రులొకరు మమ్మడిగిరి. ఐరోపా హామీధర, హాంకాంగు భయము లేనిచో ఈ కథ ఇట్లు నడిచెడిది కాదు, నిజమే. కాని అదే చక్కెర ఒప్పందము గయానాకును, ఫిజీకిని దొరకినది. ఆ రెంటను మన దేశపు కూలీల సంతతి కలదు. గయానా 1975, 76లలో తోటలను జాతీయము చేసి, ఆ తరువాతి దశకమున కడు దీనస్థితికి దిగజారినది. ఫిజీలో 1987లో సైన్యము ప్రభుత్వమును కూలద్రోసినది. భారతసంతతివారు వేలకొలది దేశము విడిచిరి. మారిషసుకు సైన్యమే లేదు. 1967లో స్వాతంత్ర్యమును ఎదిరించిన నాయకునే 1969లో మంత్రివర్గమునకు పిలిచిరి. శాసనసభలో ఎన్నికైన 62 మందికి తోడు, తగిన స్థానములు రాని వర్గములకై ఓడినవారిలో మిన్నలైన వారిని ఎనమండుగురి వరకు చేర్చు నియమము రాజ్యాంగముననే కలదు. ఈ నియమము జనులను వర్గములుగా ముద్రవేయునని విమర్శ లేకపోలేదు. ఆ వర్గముల పట్టికలో తెలుగువారు వేరుగా లేరు, హిందువులలో కలిసి యున్నారు. అయినను తన మాట సభలో వినబడునను నమ్మకమున్న వర్తకుడు ధనమును దేశముననే ఉంచును, కూలివాడు సమ్మెకన్న ముందు సంప్రదింపులకు వచ్చును. మా దృష్టిలో అసలు కీలకము ఇచటనే యున్నది.

2005 జనవరితో దుస్తుల దిగుమతి కోటాలు పోయినవి. 2006 నుండి నాలుగేండ్లలో ఐరోపావారు చక్కెర ధరను నూటికి 36 వంతులు తగ్గించిరి. కర్మాగారములు మూతపడి, చదువు తక్కువైన నడివయస్సు స్త్రీలు ఇండ్లకు చేరిరి. పర్యాటకము, బ్యాంకులు ముందుకు వచ్చినవి. 1982లో మన దేశముతో చేసికొనిన పన్ను ఒప్పందము వలన ఆ దీవి గుండా మన దేశమునకు పెట్టుబడులు ప్రవహించెను. పన్ను ఎగవేతకు అది దారియని ఇచట గొడవ చెలరేగగా 2016లో దానిని సవరించిరి. 2020లో ప్రపంచబ్యాంకు ఆ దేశమును అధికాదాయ దేశముల జాబితాలో చేర్చెను. మహమ్మారి వలన మరుసటి యేడే ఆ స్థానము పోయినది. చెరకు మాత్రమింకను ఉన్నది. దాని పిప్పిని కాల్చి విద్యుచ్ఛక్తి తీయుచున్నారు.

సమయము మించినది. ప్రశ్నలున్న సభ్యులు అడుగవచ్చును.