పాఠ్యగ్రంథమును ఎన్నుకొనుట
(సమాజ సభలో చదువబడిన ప్రసంగపాఠము)



ఇంజనీరింగు కళాశాలలో గాని, గణితము ప్రధానాంశముగా గల డిగ్రీ తరగతిలో గాని చేరిన విద్యార్థికి తొలి రెండు సంవత్సరములలోనే రెండు శాస్త్రములు ఎదురగును. ఒకటి రేఖీయ బీజగణితము. రెండవది అవకలన సమీకరణముల శాస్త్రము. పాఠశాలలో నూటికి తొంబది మార్కులు తెచ్చుకొన్న పిల్లవాడు సైతము ఇచ్చట తడబడుట కలదు. తండ్రి ఆఫీసునుండి వచ్చునప్పటికి బల్లమీద నాలుగు లావాటి పుస్తకములుండును. ఒక్కటియు ముప్పది పుటలు దాటి చదువబడి యుండదు. అప్పుడు పిల్లవాని నోట వెలువడు మాట, “నాకు లెక్కలు రావు” అని. పెక్కు సందర్భములలో సత్యము వేరు. వానికి లెక్కలు రాకపోవుట కాదు. వాని చేతికి తగిన పుస్తకము రాకపోవుట. ఆ ఒక్క మాటను నమ్మి చదువుదారినే మార్చుకొనువారున్నారు గనుక, ఇది కేవలము పుస్తకముల అంగడి వ్యవహారము కాదు.

రేఖీయ బీజగణితము అనేక అవ్యక్త రాశులను ఒక్కసారిగా పట్టు విద్య. పది సమీకరణములలోని సంఖ్యలను మాత్రిక యను పట్టికలో పేర్చి, ఆ పట్టిక స్వభావమునుబట్టి జవాబు రాబట్టును. అవకలన సమీకరణము మార్పును గూర్చినది. గ్లాసులోని కాఫీ చల్లారు వేగము, ఆ క్షణమున కాఫీకిని గదికిని గల ఉష్ణోగ్రతాభేదమునుబట్టి యుండును. ఈ వాక్యమును గణితభాషలో వ్రాసిన అదియే ఒక అవకలన సమీకరణము.

ఈ రెండును వేర్వేరు తరగతులలో చెప్పబడుటచే వీనికి సంబంధము లేదని విద్యార్థి తలచును. ఒక చిన్న ఉదాహరణము చూడుడు. ఒక రాశియొక్క రెండవ అవకలజమునకు, మొదటి అవకలజమునకు మూడు రెట్లును, ఆ రాశికి రెండు రెట్లును కలిపినచో సున్న వచ్చుననుకొనుడు. అవకలన సమీకరణముల పుస్తకము దీనినుండి ఒక వర్గ సమీకరణమును కట్టి, −1, −2 అను మూలములను రాబట్టును. అదే సమస్యను, రాశిని దాని మార్పువేగముతో జతచేర్చి, మొదటి వరుసలో 0, 1, రెండవ వరుసలో −2, −3 గల మాత్రికగా వ్రాయవచ్చును. విద్యార్థులు ఐగెన్ విలువలని పిలుచు ఆ మాత్రికయొక్క లాక్షణిక విలువలును −1, −2 యే. రెండును ఋణసంఖ్యలగుటచే ఆ రాశి కాలక్రమమున అణగిపోవునని తెలియును. ఈ కలయికను విప్పి చూపు పుస్తకము విద్యార్థికి సగము భారము తగ్గించును.

ఇక ప్రసిద్ధ గ్రంథముల మాట. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పెక్కేండ్లు బోధించి 2023లో విరమించిన గిల్బర్ట్ స్ట్రాంగ్, 1976లో వెలువరించిన గ్రంథమున సమీకరణములను సాధించుటతో ప్రారంభించి మాత్రికలను చేతికందించును. ఆయన పాఠములు అంతర్జాలమున ఉచితముగా లభించుచున్నవి. 2014లో ఆయన రెండు శాస్త్రములను కలిపి ఒకే గ్రంథమును కూడ వ్రాసెను. 1995లో వచ్చిన షెల్డన్ ఆక్స్‌లర్ గ్రంథపు దారి వేరు. అది నిర్ధారకములను చివరకు జరిపి, సదిశాంతరాళముల భావమునుండి నడచును. దాని నాలుగవ కూర్పును గ్రంథకర్త ఉచితముగా చదువుకొననిచ్చినాడు. అవకలన సమీకరణములకు బాయిస్, డిప్రైమాల గ్రంథము (1965) క్రమమైన సాధనకును, సిమన్స్ గ్రంథము (1972) గణితజ్ఞుల చరిత్రతో కూడిన వివరణకును పేరొందినవి. హిర్ష్, స్మేల్‌లు 1974లో రెండు శాస్త్రములను పెనవేసి వ్రాసిన గ్రంథము గట్టి పునాది గలవారికి తగినది.

వీనిలో ఏది ఉత్తమము? ఆ ప్రశ్నయే సరికాదు. ఎవరికి, ఎందుకు అని అడుగవలెను. ఆక్స్‌లర్ ఖ్యాతి విని ఇంజనీరింగు మొదటి సంవత్సరపు బాలునికి ఆ పుస్తకమిచ్చినచో, పరీక్షలో ముందుగా అడుగు నిర్ధారకము వానికి పుస్తకము చివరిలో గాని కనబడదు. పరిశోధన కోరు బాలికకు సాధించిన లెక్కల సంపుటమొక్కటే ఇచ్చినచో, ఎట్లు చేయవలెనో తెలియును గాని ఎందుకో తెలియదు. చెప్పు ఎంత ఖరీదైనదైనను కాలికి పట్టవలెను గదా!

కొనుటకు ముందు గ్రంథాలయమున మూడు పరీక్షలు చేయవచ్చును. మొదటిది: పెన్సిలు చేతబట్టి తొలి ప్రకరణములోని నాలుగు పుటలు నెమ్మదిగా రెండుమార్లు చదువవలెను. రెండవమారు వెలుగు కొంతయైన పెరిగినచో ఆ రచయిత విద్యార్థితో మాటలాడుచున్నాడన్నమాట. రెండవది: ఆ ప్రకరణపు అభ్యాసములలో ఐదింటిని ప్రయత్నింపవలెను. ఐదును శ్రమ లేక వచ్చిన ఆ పుస్తకము చిన్నది. ఒక్కటియు రాని యెడల అప్పటికి పెద్దది. రెండు మూడు వచ్చి తక్కినవి ఆలోచింపజేసిన, అదియే తగినది. మూడవది: లాక్షణిక విలువల భాగమును రెండు పుస్తకములలో పక్కపక్కన చదివి, ఎవరు ఎందుకు చెప్పుచున్నారో, ఎవరు సూత్రము మాత్రమే ఇచ్చుచున్నారో గమనింపవలెను. అటుపిమ్మట ఒక్కదానినే కొని, సగము ముగియువరకు మార్చకుండవలెను. పాత కూర్పైనను లోపము లేదు. ఈ గణితము మూడేండ్లకొకమారు మారునది కాదు. ఢిల్లీలో 2019లో దరియాగంజ్ నుండి మహిళా హాట్‌కు తరలిన ఆదివారపు పుస్తకముల సంత వంటి చోట్ల అట్టివి తక్కువ వెలకు దొరకును.

తెలుగువారికి మరియొక పరీక్ష కలదు. 11వ శతాబ్దముననే పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి డిగ్రీ గణితమును తెలుగున అచ్చువేయించెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన సి. ఆర్. రావు 1965లో వెలువరించిన గణాంకశాస్త్ర గ్రంథమును సదిశలు, మాత్రికల బీజగణితముతోనే ఆరంభించి, పాఠకునికి ముందు కావలసిన పనిముట్లను ముందే అందించెను. దూరప్రాంతమున ఇంగ్లీషులో చదువుచున్న బిడ్డను, ఆనాడు చదివినదానిని రాత్రి భోజనమువేళ తల్లికి తెలుగులో రెండు మాటలలో చెప్పుమనవలెను. తల్లికి గణితము తెలియనక్కరలేదు, “అయితే ఎందుకు?” అని అడుగుట వచ్చిన చాలును. బిడ్డ చెప్పగలిగినచో పుస్తకము మంచిది. వరుసగా నాలుగు దినములు చెప్పలేకపోయినచో, బిడ్డను నిందింపక, ముందుగా పుస్తకమును మార్చి చూడవలెను.