కంబోడియా పల్లెల్లో అన్నం, పండుగ

(సంఘం మాసిక సమావేశంలో ఫోటోలు చూపుతూ చేసిన ప్రసంగ పాఠం)



కంబోడియా అనగానే అందరికీ అంగ్‌కోర్ వాట్ గుర్తుకు వస్తుంది. ఆ గోపురాల బొమ్మలు క్యాలెండర్ల మీద కూడా దొరుకుతాయి కనుక నేను వాటిని తేలేదు. మా అబ్బాయి ఉద్యోగరీత్యా సియెం రీప్‌లో ఉన్నందున సెప్టెంబరు నుంచి మూడు నెలలు అక్కడ ఉన్నాము. చుట్టుపక్కల పల్లెల్లో తీసిన ఫోటోలివి. చేతులు మారుస్తూ చూడండి. వెనుక వరుస వారు లేవనక్కరలేదు, అన్నీ అక్కడికే వస్తాయి.

మొదటిది ఇల్లు. కొయ్య స్తంభాల మీద మనిషి ఎత్తున కట్టుకుంటారు. వానాకాలంలో నీరు చేరినా ఇంట్లోకి రాదు. మిగతా రోజుల్లో ఆ కింది నీడలోనే ఎడ్లు, మగ్గం, ఊయల. అక్కడ నిలబడిన ఆమె తలకు చుట్టుకున్న గళ్ళ తువ్వాలును ‘క్రమా’ అంటారు. తలపాగా, సంత మూట, పసిబిడ్డకు ఉయ్యాల అన్నీ అదే.

రెండవది భోజనం. చాప మీద ఇంటిల్లిపాదీ, మధ్యన గిన్నెలు. అన్నాన్ని ‘బాయ్’ అంటారు. ఏం తిన్నా సరే, భోజనం చేయడమంటే ‘బాయ్’ తినడమే. ఎదురైన వారిని ‘అన్నం తిన్నారా’ అని పలకరించడం మన వాడుకలాగే ఉంది. చింతపండు పులుపు వేసి చేపల పులుసు చేస్తారు. నిమ్మగడ్డి, పసుపు, వెల్లుల్లి, దుంపరాష్ట్రం రోట్లో నూరిన ముద్దే కూరలకు ప్రాణం. మూలన కుండలో ఉన్నది ‘ప్రహొక్’, అంటే ఉప్పువేసి నెలల తరబడి మాగబెట్టిన చేప. దాని వాసన సంగతి శాకాహార మిత్రుల ముందు చెప్పను గాని, మనకు ఆవకాయ జాడీ ఎలాగో వారికది అలాగు.

మూడవ ఫోటోలో తాటిచెట్టు. వెదురు బొంగులను నిచ్చెనగా కట్టుకుని ఎక్కి, రసం దించి, కాచి బెల్లం వండుతారు.

నాలుగవ ఫోటో తెల్లవారుజామున తీసింది, స్పష్టంగా లేదు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

భాద్రపద మాసాన్ని వారు ‘ఫోత్రబోత్’ అంటారు. ఆ బహుళ పక్షం పదిహేను రోజులూ పితృదేవతలవి. మన మహాలయ పక్షమే. పండుగ పేరు ‘ప్చుమ్ బెన్’. బెన్ అంటే మన పిండమే. సూర్యోదయానికి ముందే బౌద్ధ విహారానికి వెళ్ళి, నువ్వులు కలిపిన అన్నపు ముద్దలను చుట్టూ చీకట్లోకి విసురుతారు. ఆకలితో ఉన్న పితరులు ఏడు విహారాలు తిరిగి తమవారు పెట్టిన ముద్ద కోసం వెదుకుతారని, వెలుతురులో రాలేరని నమ్మకం.

1975 ఏప్రిల్ 17 నుంచి 1979 జనవరి 7 వరకు అక్కడ ఖ్మేర్ రూజ్ పాలన సాగింది. పట్టణాలను ఖాళీ చేయించి జనాన్ని పొలాలకు తోలారు. విహారాలు మూసివేశారు, భిక్షువుల కాషాయం విప్పించారు. ఇంట్లో వంట చేసుకోనివ్వలేదు. అందరూ సామూహిక భోజనశాలల్లోనే తినాలి. అక్కడ చాలాచోట్ల పోసింది పలుచని గంజి. ఆకలితో, రోగాలతో, వెట్టిచాకిరీతో, హత్యలతో 15 నుంచి 20 లక్షల మంది పోయారని అంచనా. అప్పటి జనాభా 80 లక్షలకు లోపే. మన వయసువారు ఎవరు కనిపించినా ఆ నాలుగేళ్ళూ దాటి వచ్చినవారే.

పోయినవారిలో ఎందరికో దహనం లేదు, ఏ రోజు పోయారో ఇంట్లోవారికి తెలియదు. తిథి తెలియని వారికి మనం మహాలయ అమావాస్యనాడు పెడతాము గదా! ఫోటోలో ముద్ద విసురుతున్న ముసలావిడను చూడండి. ఆకలితో పోయినవారికి అన్నం పెడుతున్నారు. రెండవ ఫోటోను, ఇంట్లో వండుకుని ఇంట్లో తింటున్న ఆ చాపను, దీని పక్కన పెట్టి మళ్ళీ ఒకసారి చూడమని కోరుతున్నాను.

ఆఖరిది కార్తీక పౌర్ణమి నాటిది. తొన్లే సాప్ నది వానాకాలంలో వెనక్కి పారి సరస్సును నింపుతుంది. ఈ రోజుల్లో మళ్ళీ దిశ మార్చుకుని సముద్రం వైపు సాగుతుంది. పడవ పందేలు జరుగుతాయి. రాత్రి చంద్రుడికి అటుకులు, అరటిపండ్లు, కొబ్బరినీళ్ళు నైవేద్యం పెడతారు. ఫోటోలోని పిల్లవాడిని నవ్వమని ఎంత అడిగినా కుదరలేదు. రెండు బుగ్గల నిండా అటుకులే!