వాలంటీర్‌గా వెళ్ళే ముందు: నేపాల్ కింది వాడలో పన్నెండు రోజులు

(విల్లియనూరులో తెలుగు కుటుంబాలు జరుపుకున్న అంబేద్కర్ జయంతి సభలో ఒక రిటైర్డ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)



యానాం నుంచి ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే ఇళ్ళు కట్టుకున్న మనవాళ్ళకు, మన మాట పూర్తిగా అర్థం కాకపోయినా వచ్చి కూర్చున్న తమిళ అన్నలకు, అక్కలకు జై భీమ్. నిర్వాహకులు నాకు ‘ఆరోగ్య రంగంలో బహుజన మహిళలు’ అనే అంశం ఇచ్చారు. నాలుగు కాగితాలు రాసుకొచ్చాను కూడా. అవి పక్కన పెట్టి వేరే సంగతి మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

పోయిన ఆదివారం మన వీధి అమ్మాయి, నర్సింగ్ చదువుతున్న పిల్ల, ఒక కరపత్రం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. విదేశంలో, వైద్యం అందని పల్లెలో నాలుగు వారాల సేవ. అనుభవం అక్కర్లేదు. ఇంజెక్షన్లు చేయడం, కుట్లు వేయడం అక్కడే నేర్పిస్తారు. ఫీజు మనమే కట్టాలి. చివర్లో సర్టిఫికెట్ ఇస్తారు. “ఆంటీ, మీరు నేపాల్ వెళ్ళొచ్చారు కదా, నేనూ వెళ్ళనా?” అని అడిగింది. వెళ్ళమనీ చెప్పలేకపోయాను, వద్దనీ చెప్పలేకపోయాను. కాఫీ ఇచ్చి పంపించాను. ఆ అమ్మాయి ఇప్పుడు రెండో వరసలో కూర్చుని ఉంది. జవాబు అందరి ముందూ చెబుతాను.

2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో భూకంపం వచ్చింది. మే 12న భూమి మళ్ళీ పెద్దగా కంపించింది. దాదాపు తొమ్మిది వేల మంది చనిపోయారు. అన్ని జిల్లాల్లోకీ ఎక్కువ మంది పోయింది సింధుపాల్‌చోక్‌లో. జూన్ మొదట్లో చెన్నై నుంచి బయల్దేరిన ఒక బృందంలో నేనూ చేరాను. ఇద్దరు డాక్టర్లు, ముగ్గురు నర్సులు, ఒక ఫార్మసిస్టు, సామాను చూసుకునే ఒక కుర్రాడు. మందుల అట్టపెట్టెలతో రాప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్‌లో గోరఖ్‌పూర్, అక్కణ్ణుంచి సునౌలీ సరిహద్దు, ఆ తర్వాత బస్సు. నేపాల్ వెళ్ళడానికి భారతీయులకు వీసా అక్కర్లేదు. ఆ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఒక కొండ పల్లెలో బడి మైదానంలో క్యాంపు వేశాం. ఊరి పేరు చెప్పను. బడి గోడలు పడిపోయాయి, మైదానం మిగిలింది. ఆ ప్రాంతపు హెల్త్ పోస్టు కూడా కూలిపోయింది. మొదటి రెండు రోజులూ మనుషులు వస్తూనే ఉన్నారు. చీము పట్టిన గాయాలు, సరిగా అతకని ఎముకలు, పిల్లలకు విరేచనాలు, ముసలివాళ్ళకు బీపీ. రెండో రోజు సాయంత్రం లాంతరు వెలుగులో రిజిస్టరు తిరగేస్తుంటే నాకు ఏదో తేడా అనిపించింది. శ్రేష్ఠలు ఉన్నారు, తామాంగులు ఉన్నారు, ఖడ్కాలు ఉన్నారు. ఒక్క విశ్వకర్మ లేడు. ఒక్క పరియార్ లేడు. ఒక్క మిజార్ లేడు. నేపాల్‌లో కమ్మరి పని, కుట్టుపని, తోలుపని చేసే దళితుల ఇంటిపేర్లు అవి. బయల్దేరే ముందే తెలుసుకుని వెళ్ళాను. మిగతా బృందమంతా రోగుల సంఖ్య లెక్కపెడుతున్నారు, వాళ్ళ తప్పు కూడా లేదు. ఇంటిపేరును బట్టి పేటను పోల్చుకోవడం మన పిల్లలకు బడిలో మొదటి రోజే వచ్చేస్తుంది. ఈ ఒక్క విద్యా వాళ్ళకు రాలేదు, నాకు వచ్చు.

మా దుభాషిగా ఉన్న కుర్రాణ్ణి అడిగాను. “వాళ్ళు తల్లో టోల్‌లో ఉంటారు దీదీ. పైవాళ్ళందరూ చూపించుకున్నాక వస్తారు” అన్నాడు. తల్లో టోల్ అంటే కింది వాడ. మన గోదావరి వైపు పేట అంటాం, ఇక్కడ సేరి అంటారు, అక్కడ తల్లో టోల్. క్యాంపులో మంచినీళ్ళ డ్రమ్ము పెట్టి గ్లాసు తగిలించింది నేనే. ఆ గ్లాసు ఎవరు ముట్టుకోవాలి, ఎవరు ముట్టుకోకూడదు అన్న ప్రశ్న అక్కడ ఉందని, నీళ్ళు పెట్టిన నాకే తట్టలేదు.

ఇది ఆ పల్లెవాళ్ళ చెడ్డతనం అనుకుని వదిలేయకండి. 1854లో జంగ్ బహదూర్ రాణా కాలంలో వచ్చిన ములుకీ ఐన్ అనే చట్టంలో, ఎవరి చేతి నీళ్ళు తాగకూడదో, ఎవరిని తాకితే నీళ్ళు చల్లుకుని శుద్ధి కావాలో రాసి పెట్టారు. మన దగ్గర మనువు పేరు చెబుతారు, అక్కడ ప్రభుత్వమే రాసింది. 1963లో ఆ చట్టం పోయింది. 2011లో అంటరానితనాన్ని నేరంగా ప్రకటిస్తూ ప్రత్యేక చట్టం వచ్చింది. డ్రమ్ము దగ్గర గ్లాసుకు ఈ సంగతి ఇంకా చేరలేదు.

మూడో రోజు పొద్దున కింది వాడకు నడిచి వెళ్ళాం. మాతో ఆ వార్డు ఆరోగ్య స్వయంసేవిక వచ్చింది. నేపాల్‌లో 1988 నుంచి ఇలాంటి స్త్రీలు ఉన్నారు, ఇప్పుడు యాభై వేలకు పైనే. జీతం లేదు. విటమిన్ ఏ చుక్కలు, ఐరన్ మాత్రలు, గర్భిణుల లెక్క, అన్నీ వాళ్ళే. ఈవిడ పై ఊరి మనిషి, యాభై దాటిన ఆవిడ, ఎంతో మంచిది. ఎవరింట్లో ఎవరికి ఎన్నో నెలో వేళ్ళ మీద చెప్పేది. కింది వాడలోకి వచ్చేసరికి ఐరన్ మాత్రల పొట్లం తీసి ఒక రాతి అరుగు మీద పెట్టింది. గర్భిణి వచ్చి తీసుకుంది. ఇద్దరూ నవ్వుతూ మాట్లాడుకున్నారు కూడా. నా కాళ్ళు మాత్రం అక్కడే ఆగిపోయాయి.

బాబాసాహెబ్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ మీలో చాలామంది చదివే ఉంటారు. అందులో కాఠియావాడ్ బడిపంతులు రాసిన ఉత్తరం ఒకటి ఉంటుంది. 1929 డిసెంబర్ 12న ‘యంగ్ ఇండియా’లో అచ్చయింది. పంతులు భార్య ప్రసవించిన రెండు రోజులకు జబ్బుపడింది. డాక్టర్ వాడలోకి రానన్నాడు. ఊరి పెద్దలు చెప్పగా చెప్పగా, వాడ బయటికి తీసుకొస్తేనే చూస్తానని వచ్చాడు. బాలింతను బయటికి తెచ్చారు. డాక్టర్ థర్మామీటర్‌ను ఒక ముస్లిం చేతికి ఇచ్చాడు, ఆయన పంతులుకు ఇచ్చాడు, పంతులు భార్యకు పెట్టాడు. మళ్ళీ అదే దారిలో వెనక్కి. దీపం వెలుగులో చూసి న్యుమోనియా అన్నాడు. తర్వాత మళ్ళీ వచ్చి చూడలేదు. ఆమె చనిపోయింది. నర్సింగ్‌లో థర్మామీటర్ పట్టుకోవడం నేర్పిన రోజు నుంచి ఆ కథ నా చేతిలోనే ఉంది. వీసా అక్కర్లేని దేశంలో, పై ఊరి నుంచి కింది వాడకు పది నిమిషాల దారిలో, ఆ థర్మామీటర్ మళ్ళీ కనబడింది.

నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే పట్టుబట్టి క్యాంపును కింది వాడకు మార్పించాను. అక్కడ ఒక ముసలావిడ, కమ్మరి ఇంటి మనిషి, దుభాషితో ఏదో చెప్పింది. “మీరు వెళ్ళిపోతారు, కొళాయి పైనే ఉంటుంది అంటోంది దీదీ” అన్నాడు. విన్నాను. విని కూడా డేరా తాడు బిగించాను.

పై ఊరివాళ్ళు రావడం మానేశారు. రెండు రోజులు గడిచాక పైనుంచి ఫిర్యాదు వచ్చింది. పొద్దున పైన, మధ్యాహ్నం కింద అని సర్దుబాటు చేసుకున్నాం. మిగిలిన వారం బాగానే గడిచింది. స్వయంసేవికకు బీపీ చూడటం ఎవరూ నేర్పలేదని తెలిసి, కఫ్ ఆవిడ చేతిలో పెట్టాను. కింది వాడ ముసలమ్మ చెయ్యి పట్టుకుని కట్టింది. నాలుగోసారికి సరిగ్గా వచ్చింది. ఇంటికి వెళ్ళి స్నానం చేసిందేమో నాకు తెలియదు.

పన్నెండో రోజు వచ్చేశాం. నెల తర్వాత దుభాషి ఫోన్ చేశాడు. కింది వాడ ఆడవాళ్ళు నీళ్ళకు పైకి వెళ్తే, మీ ఇండియా డాక్టర్లనే అడగండి అన్నారట. కొన్నాళ్ళు వాగు నీళ్ళే తాగారట, అదీ వానాకాలంలో. మేం విరేచనాలకు మందులిచ్చి వచ్చిన పిల్లలే ఆ నీళ్ళు తాగారు. మా బృందం నివేదికలో ఎంతమందిని చూశామో అంకెలు ఉన్నాయి. ఈ సంగతి లేదు.

క్యాంపు కిందికి మార్చడం తప్పని నేను అనను. కింది వాడను అడగకుండా మార్చడం తప్పు. పోరాటం ఎప్పుడు, ఎక్కడ మొదలుపెట్టాలో దాని దెబ్బలు తినేవాళ్ళు నిర్ణయించాలి. తిరుగు టికెట్ జేబులో ఉన్నవాళ్ళం మనం కాదు. మన కోసం ఎవరో వచ్చి మన తరఫున ఇలాగే నిర్ణయిస్తే ఎంత మండిపడతామో మనకు బాగా తెలుసు. తెలిసి కూడా చేశాను.

ఇంకొకటి. ఇది ఆడవాళ్ళ సంగతి, మగవాళ్ళు కూడా వినాలి. నేపాల్ కొండల్లో గర్భసంచి కిందికి జారడం చాలా ఎక్కువ. ప్రసవం అయిన కొద్ది రోజులకే బరువులు మోయడం, సరైన తిండి లేకపోవడం, వెంట వెంటనే కాన్పులు. 2008లో అక్కడి సుప్రీంకోర్టు దీన్ని స్త్రీల హక్కుల ఉల్లంఘనగా చెప్పిందంటే ఎంత పెద్ద సమస్యో చూడండి. కింది వాడలో ముగ్గురు మా డేరాలోకి వచ్చి, ఎవరూ లేకుండా చూసుకుని, ఏళ్ళ తరబడి దాచుకున్నది చెప్పారు. మా డాక్టరమ్మ ముగ్గురికీ రింగులు వేసింది. రింగు వేస్తే అయిపోదు. కొన్ని నెలలకోసారి తీసి, కడిగి, లోపల పుండు పడిందేమో చూడాలి. “ఎవరు తీస్తారు?” అని అడిగాను. “హెల్త్ పోస్టుకు వెళ్తారు” అంది. హెల్త్ పోస్టు రాళ్ళ కుప్పై పడి ఉంది. ఇద్దరికీ తెలుసు. ఆ ముగ్గురికి ఆ రోజు ఎంత సుఖంగా అనిపించిందో నా కళ్ళతో చూశాను కాబట్టి, ఇంకేమీ అనలేకపోయాను.

విదేశం నుంచి వచ్చి మన దగ్గర వైద్యం చేసినవాళ్ళూ ఉన్నారు కదా అంటారు. ఉన్నారు. అన్నా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చింది. మిషన్ వాళ్ళు మొదట డాక్టరుగా పంపలేదు, బడి పనికని పంపారు. 1898లో ఆసుపత్రి తెరిచింది. 1930లో గుంటూరులోనే చనిపోయింది. నలభై ఏడేళ్ళు. మిషనరీల మతం మీద మనకు వేరే చర్చ ఉంది, అది ఇంకో రోజు మాట్లాడుకుందాం. నేను చెప్పేది ఆ నలభై ఏడేళ్ళ గురించి. చీము, రక్తం మైల పని అని పై కులాలు దూరం జరిగిన రోజుల్లో, అలాంటి ఆసుపత్రుల్లో మన ఆడపిల్లలు నర్సులయ్యారు. ఆ నర్సుల మనవరాళ్ళు ఇవాళ ఐసీయూల్లో పని చేస్తున్నారు. పన్నెండు రోజులకు వెళ్ళినవాళ్ళ వల్ల ఇలాంటిది జరగదు.

ఇక అమ్మాయ్, నీ కరపత్రం. మొదటి సంవత్సరం పిల్లవు. విల్లియనూరులో ఒక మనిషికి కుట్లు వేస్తే నీ కాలేజీ ఊరుకుంటుందా? ఊరుకోదు. మరి ఆ పల్లె మనిషి ఒంటి మీద నేర్చుకోవచ్చని ఎవరు చెప్పారు? పేదవాళ్ళ ఒంటి మీద నేర్చుకుని, ఉన్నవాళ్ళకు వైద్యం చేసిన చరిత్ర మనకు తెలియనిది కాదు. మనం అటువైపు చేరకూడదు.

వెళ్ళద్దని కాదు. చదువు పూర్తి చేసి, రిజిస్ట్రేషన్ చేయించుకుని, రెండేళ్ళు వార్డులో పని చేశాక వెళ్ళు. వెళ్ళే ముందు వాళ్ళకు ఉత్తరం రాసి అడుగు. అక్కడ ఇప్పటికే పని చేస్తున్న ఆరోగ్య కార్యకర్త ఎవరు, ఆమెకు జీతం ఎంత? క్యాంపు స్థలం ఎవరు నిర్ణయించారు? నేను బీపీ మాత్ర మొదలుపెడితే రెండో నెల మాత్ర ఎవరిస్తారు? నీ ఫీజులో ఆ పల్లెకు చేరేదెంత? జవాబు రాకపోతే అదే జవాబు అనుకో. మందులు తీసుకెళ్తే గడువు చూసుకో. దానంగా ఇచ్చే మందులకు చేరేనాటికి కనీసం ఏడాది గడువు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. మేం తీసుకెళ్ళిన పెట్టెల్లో ఒకటి ఆగస్టుకు అయిపోయేది. ఎవరో మందుల షాపాయన పుణ్యం.

ఆ జీతం ప్రశ్న ఎందుకంటే, వాలంటీర్ అనే మాట ఇద్దరికి రెండు రకాలుగా పని చేస్తుంది. డబ్బు కట్టి విదేశం వెళ్ళినవాళ్ళకు అది బయోడేటాలో ఒక వరస. మన ఆశా అక్కకు అదే మాట జీతం ఎగ్గొట్టే సాకు. 2005లో ఆ పథకం పెట్టినప్పటి నుంచి కాగితాల మీద ఆమె ఉద్యోగి కాదు, వాలంటీరే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పది లక్షల మందికి పైగా ఉన్న ఆశాలకు అవార్డు ఇచ్చింది. అవార్డు వచ్చాక కూడా చాలా రాష్ట్రాల్లో వాళ్ళు జీతం కోసం రోడ్డెక్కుతూనే ఉన్నారు. నేపాల్ స్వయంసేవికదీ అదే కథ. రాతి అరుగు మీద మాత్రలు పెట్టినందుకు నేను ఆమెను తప్పుపడతాను. పాతికేళ్ళు కూలి లేకుండా కొండలెక్కించినవాళ్ళను అంతకంటే ఎక్కువ తప్పుపడతాను.

తిరుగు ప్రయాణంలో ఖాట్మండులో ఒక రోజు ఆగాం. 1956 నవంబర్ 20న బాబాసాహెబ్ అక్కడ ప్రపంచ బౌద్ధుల సభలో బుద్ధుడి గురించి, మార్క్స్ గురించి మాట్లాడారు. అప్పటికే నడవలేని స్థితి, పదహారు రోజుల్లో వెళ్ళిపోయారు. ఆ సభ ఎక్కడ జరిగిందో చూడాలనుకున్నాను. మా వాళ్ళు షాపింగ్‌కు వెళ్దామన్నారు. నేనూ వెళ్ళాను. శాలువా కొన్నాను, ఇదిగో, ఇదే.

రింగుల సంగతి అడుగుతారని తెలుసు. ముగ్గురి పేర్లూ నా నోటుబుక్కులో ఉన్నాయి. దుభాషికి ఫోన్ చేస్తూనే వచ్చాను. ఒకావిడ మూడు నెలల తర్వాత చౌతారా వెళ్ళి జిల్లా ఆసుపత్రిలో తీయించుకుంది. ఇంకొకావిడకు స్వయంసేవిక తోడు వెళ్ళిందట, అదే బీపీ ఆవిడ. మూడో ఆవిడ కొడుకు దగ్గరికని ఊరు విడిచి వెళ్ళింది. ఎక్కడికో ఎవరికీ తెలియదు. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

జై భీమ్.