బిడ్డ మనసులోని మాట



పిల్లలకు అక్షరములు నేర్పు క్రమము అందఱకును తెలిసినదే. ఓనమాలు దిద్దించి, గుణింతములు పలికించి, పిమ్మట పదములలోనికి దింపుదురు. కోపమునకును, భయమునకును, బెంగకును మాత్రము అట్టి ఓనమాలు ఎవ్వరును దిద్దింపరు. ఏడ్చిన పిల్లవానిని "ఆడపిల్లలా ఏడుస్తావేమిరా" అందురు. అలిగిన ఆడపిల్లను "దీనికి పొగరెక్కువ" అందురు. బిడ్డ నోరు మూయును. మనసు శాంతించెనని పెద్దలు భ్రమపడుదురు.

పొదిలి చుట్టుపట్ల మెట్టపల్లెలలో మిరపకోతల నాటి సంగతి చూడుడు. దినమంతయు పండుమిరపకాయలు కోసి, ప్రొద్దుగూకిన పిమ్మట తల్లి ఇల్లు చేరును. ఆమె చేతులు మండుచుండును. ఎదురేగి మెడను చుట్టుకొనబోయిన బిడ్డను "దగ్గరకు రావద్దు!" అని కసరును. ఆ కారము బిడ్డ కంటికి తగులునేమోయని ఆమె భయము. బిడ్డకు తెలిసినది కసురు మాత్రమే. "చేతులు మండుతున్నాయి నాయనా, కడుక్కుని ఎత్తుకుంటాను" అను ఒక్క మాట చాలును. అలసిన తల్లికి ఆ మాటయు బరువే. ఆమెను తప్పుపట్టుట అన్యాయము. తండ్రియో, అవ్వయో ఆ మాట చెప్పవచ్చును గదా! పెద్దల మనసులోని మాట విన్న బిడ్డయే తన మనసులోనిది చెప్ప నేర్చును.

తల్లిదండ్రులు దూరపు చేలకు వలసపోగా అవ్వవద్ద మిగిలిన పిల్లవాని స్థితి ఇంకను కష్టము. వాడు బడిలో కిటికీవైపు చూచుచు కూర్చుండును. లెక్క తప్పును. వానికి మొద్దు అని పేరు పడును.

అట్టి పేరు పడిన బాలుడొకడు 1895లో మదనపల్లెలో జన్మించెను. పదేండ్ల ప్రాయమున, 1905లో, తల్లిని పోగొట్టుకొనెను. 1909లో తండ్రివెంట అడయారు చేరి, మైలాపూరులోని బడికి పోవుచుండెను. పాఠము తలకెక్కలేదని అచ్చట వానికి బెత్తపుదెబ్బలు తప్పలేదు. ఆ బాలుడే జిడ్డు కృష్ణమూర్తి. తరువాతి కాలమున, తాను పుట్టిన ఊరికి చేరువనే నెలకొన్న ఋషివ్యాలీ విద్యాలయములో, ఆయన పిల్లలతో కూర్చుండి భయమును గూర్చియు, ఒకరిని మఱియొకరితో పోల్చుటవలని చేటును గూర్చియు మాటలాడుచుండెడివాడు. ఆయన లోకప్రసిద్ధుడైనందున ఆ దెబ్బలు చరిత్రకెక్కినవి. పేరులేని పిల్లల దెబ్బలను ఎవ్వరు వ్రాసిరి?

2009 నాటి విద్యాహక్కు చట్టము, తన 17వ సెక్షనులో, బడిపిల్లలను కొట్టుటనేగాక మానసికముగా వేధించుటను సైతము నిషేధించినది. చట్టము బెత్తమును దింపగలదు. దాని స్థానమున ఒక ప్రశ్నను నిలుపుట ఉపాధ్యాయుని వంతు. నలుబదిమంది ఉన్న తరగతిలో అందఱిని విచారించుట సాధ్యమా యందురు. సాధ్యము కాదు. హాజరు పిలుచునప్పుడు ఆ కిటికీవద్దివానిని "అమ్మ ఎప్పుడొస్తానందిరా?" అని అడుగుట సాధ్యమే. ఇది గారాబము కాదు. కోపము వచ్చినదని ఒప్పుకొనుట వేఱు, ఆ కోపముతో తోటివాని పలక పగులగొట్టుటను ఒప్పుకొనుట వేఱు. మొదటిదానిని విని, రెండవదానిని ఆపవలెను. పెక్కు ఇండ్లలో రెండవదానిని ఆపు తొందరలో మొదటిది వినబడదు.

గ్రంథాలయమునకు ఇందు పనిలేదని తలపరాదు. మద్రాసు రేడియోలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లలకు అన్నయ్యయు, అక్కయ్యయు అయి వారిచేతనే మాటలాడించిరి. పల్లె గ్రంథాలయమున ఒక సాయంత్రము అంతమాత్రపు చనువుతో కథ చదివి వినిపింపవచ్చును. కథ ముగియగానే నీతి యేమని అడుగుట పాత అలవాటు; పిల్లలును నీతిని వెంటనే అప్పగింతురు, మఱునాటికి మఱతురు. "తప్పిపోయినప్పుడు ఆ పిల్లవానికి ఎట్లుండెను?" అని అడుగుడు. వలసపోయినవారి బిడ్డ బదులు చెప్పకపోవచ్చును. వానిని బలవంతపెట్టక, ఆ పుస్తకమునే చేతికిచ్చి, రాత్రి అవ్వకు చదివి వినిపించుమని పంపుడు. అవ్వకు అక్షరములు రాకపోవచ్చును. కొడుకును, కోడలును ఎప్పుడు తిరిగివత్తురోయను బెంగ ఆమెకును ఉన్నది.